పని వెతుక్కునే దొంగలు: హాస్య చిత్రాల్లో స్నేహం, బ్యాంకు దోపిడీ

బ్యాంకు దోపిడీని హాస్యంగా చెప్పే సినిమాల్లో దొంగ ఒంటరిగా ఉండడు. అతని వెంట ఇద్దరో ముగ్గురో మిత్రులుంటారు. వాళ్లలో ఇనప్పెట్టె తెరవడం నిజంగా తెలిసినవాడు అరుదు. ఒకవేళ ఉన్నా వయసు మళ్లి చేతులు వణికేవాడై ఉంటాడు. మిగిలినవాళ్లలో గెలుపు ఎరగని బాక్సర్ ఉంటాడు, కెమెరా లేని ఫొటోగ్రాఫర్ ఉంటాడు, పింఛనుతో నెల గడవని ముసలాయన ఉంటాడు, డిగ్రీ చేతపట్టుకుని అద్దె గదిలో ఖాళీగా కూర్చున్న కుర్రాడు ఉంటాడు. పథకం ఘనంగా ఉంటుంది, అమలు అడుగడుగునా బెడిసికొడుతుంది. డబ్బు చేతికి రాదు, వచ్చినా నిలవదు. ఇటలీలో, ఇంగ్లండులో, డెన్మార్కులో, అమెరికాలో, హైదరాబాదులో ఒకరితో ఒకరికి పరిచయం లేని దర్శకులు దాదాపు ఈ కథనే డెబ్బై ఏళ్లకు పైగా మళ్లీ మళ్లీ చెబుతూ వచ్చారు.

ఇవి గంభీరమైన దోపిడీ చిత్రాలకు పేరడీలనే వివరణ ఎక్కువగా వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది. జాన్ హ్యూస్టన్ తీసిన ‘ది ఆస్ఫాల్ట్ జంగిల్’ (1950), జూల్స్ డాసిన్ తీసిన ‘రిఫిఫీ’ (1955) ఈ కథలకు ఒక పద్ధతి నేర్పాయి: నిపుణులను ఒక్కొక్కరిగా పోగుచెయ్యడం, పథకం గీసుకోవడం, నిశ్శబ్దంగా పని కానివ్వడం, ఆ తర్వాత పతనం. ‘రిఫిఫీ’లో దోపిడీ ఘట్టం దాదాపు అరగంటసేపు మాటా సంగీతమూ లేకుండా నడుస్తుంది. హాస్య చిత్రాలు ఈ పద్ధతినే తీసుకుని తలకిందులు చేశాయి. కానీ పేరడీ అయితే మూలం మరుగున పడగానే తానూ మరుగున పడాలి. ‘రిఫిఫీ’ పేరు కూడా వినని ప్రేక్షకులు ఈ హాస్య చిత్రాలను చూసి నవ్వుతున్నారంటే వాటికి వేరే ఆధారం ఉండాలి. ఆ ఆధారం పని. ఈ మిత్రులకు డబ్బు ఎంత కరువో పని అంతకన్నా కరువు. పొద్దున లేచి వెళ్లడానికి ఒక చోటు, నిర్వహించడానికి ఒక బాధ్యత, పక్కన నిలబడడానికి ఒక సాటి మనిషి, లోకం ఇవ్వని ఈ మూడింటినీ దోపిడీ పథకం వాళ్లకు ఇస్తుంది. ముఖ్యమైన చిత్రాలను వరసగా చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది.

సినిమా పుట్టక ముందే ఈ ధోరణికి పూర్వరూపాలున్నాయి. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ మూడో అంకంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. అతను బ్రాహ్మణుడు, ప్రేయసి మదనికను దాస్యం నుంచి విడిపించడానికి డబ్బు కావాలి. గోడ ముందు నిలబడి కన్నం ఏ ఆకారంలో ఉంటే బాగుంటుందా అని ఆలోచిస్తాడు: పద్మమా, సూర్యబింబమా, నెలవంకా, పూర్ణకుంభమా? కొలతకు జంధ్యం వాడుకుంటాడు. అది దొంగతనమైనా, అతనికి శాస్త్రం, పనితనం. తెల్లవారాక చారుదత్తుడు కూడా ముందు కన్నం పనితనాన్ని మెచ్చుకుని, పేదింట దూరిన దొంగ వట్టి చేతులతో పోయాడేమోనని నొచ్చుకుంటాడు. తర్వాతి అంకంలో మదనిక చేతికందిన క్షణానే, మిత్రుడు ఆర్యకుణ్ణి చెరలో పెట్టారని విని, ఆమెను క్షేమంగా పంపించేసి శర్విలకుడు మిత్రుణ్ణి విడిపించడానికి బయలుదేరతాడు. దొంగతనం, పనితనం, స్నేహం ఒకే పాత్రలో ఇంత చక్కగా ఇమిడిన రచన ఆ తర్వాత చాలాకాలం దాకా కనిపించదు. ఈ నాటకం ఆధారంగా గిరీశ్ కర్నాడ్ 1984లో ‘ఉత్సవ్’ తీశాడు. అందులో దొంగ పాత్రను శంకర్ నాగ్ పోషించాడు.

బ్యాంకు దాకా సొరంగం తవ్వే కథలకు పెద్ద మూలం ఆర్థర్ కానన్ డాయల్ 1891లో ప్రచురించిన ‘ది రెడ్ హెడెడ్ లీగ్’. తాకట్టు దుకాణం నేలమాళిగ నుంచి పక్కనున్న బ్యాంకులోకి తవ్వాలంటే యజమానిని రోజూ కొన్ని గంటలు బయటికి పంపాలి. అందుకు దొంగలు అతనికి ఒక బూటకపు ఉద్యోగం సృష్టిస్తారు: వారానికి నాలుగు పౌన్ల జీతం మీద విజ్ఞాన సర్వస్వాన్ని మొదటి అక్షరం నుంచి చేత్తో కాపీ చెయ్యాలి. ఆయన ఆ పని శ్రద్ధగా చేస్తాడు, పోయినప్పుడు బెంగపడతాడు. దొంగతనానికి ముసుగుగా మొదలైన పని నిజమైన పనిగా మారడం తర్వాతి సినిమాలకు బంగారు గని అయింది.

తెరమీద బ్యాంకును తొలినాళ్లలోనే హాస్యానికి వాడుకున్నవాడు చాప్లిన్. ‘ది బ్యాంక్’ (1915)లో అతను దర్జాగా లోపలికి వచ్చి, భారీ ఖజానా తలుపు అంకెలు తిప్పి తెరిచి, లోపలినుంచి తడిగుడ్డ కర్రా బకెట్టూ బయటికి తీస్తాడు. అక్కడ అతను ఊడ్చి తుడిచే కూలి. దొంగలను పట్టుకుని యజమాని మెప్పు, అమ్మాయి ప్రేమ పొందినట్టు కలగంటాడు, మేలుకునేసరికి చేతిలో ఆ కర్రే ఉంటుంది. ఖజానాలో దాచుకోదగ్గది పేదవాడికి తన పనిముట్టే అన్న భావం ఇందులో ఒక్క మాటా లేకుండా పలుకుతుంది.

తర్వాతి కాలంలో ఈ కథల ముగింపును కొంతవరకు నియమావళి కూడా నిర్ణయించింది. హాలీవుడ్ నిర్మాణ నియమావళిని 1930లో రాసుకున్నారు, 1934 నుంచి గట్టిగా అమలు చేశారు, 1968లో వదిలేశారు. దాని ప్రకారం నేరం ఫలించకూడదు, ఖజానా పగలగొట్టే పద్ధతిని వివరంగా చూపకూడదు. గంభీర చిత్రాలకు ఇది సంకెల. హాస్య చిత్రాలకు మాత్రం మేలే చేసింది. ఎలాగూ ఓడిపోవలసిన దొంగలు ఎంత అందంగా ఓడిపోవచ్చో ఆలోచించే అవకాశం దొరికింది. లాయిడ్ బేకన్ తీసిన ‘లార్సెనీ, ఇన్‌కార్పొరేటెడ్’ (1942) అలాంటిది. జైలు నుంచి వచ్చిన ఎడ్వర్డ్ జి. రాబిన్సన్‌కు బ్యాంకు అప్పు ఇవ్వదు. మిత్రులతో కలిసి బ్యాంకు పక్కన పెట్టెలు, సంచులు అమ్మే కొట్టు కొని, కింద సొరంగం తవ్వడం మొదలుపెడతాడు. పైన కొట్టు దివ్యంగా నడుస్తుంది. వీధిలోని వ్యాపారులందరూ అతన్ని పెద్దమనిషిగా చూడడం మొదలుపెడతారు. వుడీ ఆలెన్ ‘స్మాల్ టైమ్ క్రూక్స్’ (2000)లో మళ్లీ ఇదే: సొరంగానికి ముసుగుగా పెట్టిన బిస్కెట్ల దుకాణం ముందు జనం బారులు తీరతారు, సొరంగం చెడిపోతుంది, బిస్కెట్లు కోట్లు తెచ్చిపెడతాయి. ఫరా ఖాన్ ‘హ్యాపీ న్యూ ఇయర్’ (2014)లో వజ్రాల దొంగలు ముసుగు కోసం నాట్యపోటీలో చేరి, చివరికి ఆ పోటీ మీదే మనసు పెట్టుకుంటారు.

ఈ వరసలో మొదటి సంపూర్ణ కృతి ‘ది లావెండర్ హిల్ మాబ్’ (1951). లండన్‌లోని ఈలింగ్ స్టూడియో దీన్ని నిర్మించింది. దర్శకుడు చార్ల్స్ క్రైటన్, రచయిత టి.ఇ.బి. క్లార్క్, కథకూ చిత్రానువాదానికీ క్లార్క్‌కు ఆస్కార్ వచ్చింది. ఇంత బంగారాన్ని ఎలా కాజెయ్యవచ్చో చెప్పమని ఆయన నేరుగా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌నే అడిగాడనీ, అక్కడివాళ్లు కూర్చుని ఓపిగ్గా ఆలోచించి చెప్పారనీ ప్రసిద్ధి. అలెక్ గినెస్ పోషించిన హాలండ్ ఇరవై ఏళ్లుగా బ్యాంకు బంగారపు కడ్డీల రవాణాకు కాపలా ఉన్న గుమస్తా. అతని నిజాయితీ మీద పైవాళ్లకు ఎంత నమ్మకమంటే అతనికి ఇంకే యోగ్యతా ఉందనుకోరు. హాలండ్ ఉన్న బసలోకే దిగిన పెండిల్‌బరీ (స్టాన్లీ హాలోవే) సీసంతో బొమ్మలు పోతపోసి యాత్రికులకు అమ్ముకునే మనిషి. బంగారాన్ని ఈఫిల్ టవర్ బొమ్మలుగా పోతపోసి పారిస్ పంపవచ్చని ఇద్దరికీ ఒకేసారి తడుతుంది. తమకు తెలియని పనికోసం ఇద్దరు చిల్లర దొంగలను చేర్చుకుంటారు. పని ముగిశాక ఆ ఇద్దరికీ పారిస్ వెళ్లే వీలుండదు: ఒకరికి భార్య అనుమతి లేదు, మరొకరికి క్రికెట్ టెస్టు చూడాలని ఉంది. తమ వాటా మీరే తెచ్చి ఇవ్వండని నిశ్చింతగా చెప్పేస్తారు. దొంగల మధ్య ఇంత నమ్మకాన్ని ఏ హంగూ లేకుండా చూపడం ఈ చిత్రం సాధించిన గొప్ప సంగతి. హాలండ్ జీవితంలో నమ్మకం అంతవరకు ఉద్యోగపు షరతు మాత్రమే. ఇప్పుడు మొదటిసారి మనుషుల నుంచి వచ్చింది.

ఈ మాటను ఎదురువైపు నుంచి రుజువు చేసే చిత్రమూ అదే స్టూడియో నుంచి వచ్చింది. అలెగ్జాండర్ మెకెండ్రిక్ తీసిన ‘ది లేడీకిల్లర్స్’ (1955)లో అయిదుగురు దొంగలు సంగీత బృందంలా నటిస్తూ ఒక ముసలామె ఇంట్లో గది అద్దెకు తీసుకుంటారు. దోపిడీ ఏ లోపమూ లేకుండా పూర్తవుతుంది. వాళ్ల మధ్య స్నేహం మాత్రం లేదు. ఒకరినొకరు చంపుకుంటూ పోగా చివరికి ముసలామే మిగులుతుంది, డబ్బు సంగతి పోలీసులకు చెప్పినా వాళ్లు నమ్మరు. క్రైటన్ 78వ ఏట తీసిన ‘ఎ ఫిష్ కాల్డ్ వాండా’ (1988) కూడా ముఠాలో ప్రతివాడూ ప్రతివాణ్ణీ మోసగించే కథే. ఈ రెండూ మహా నవ్వు తెప్పించే చిత్రాలు, కానీ వాటిని చూశాక ఆ మనుషుల మీద బెంగ పుట్టదు.

మారియో మొనిచెల్లి ‘ఇ సోలితి ఇన్యోతి’ (1958), ఇంగ్లిష్ పేరుతో చెబితే ‘బిగ్ డీల్ ఆన్ మడోనా స్ట్రీట్’, ఈ మొత్తం సంప్రదాయానికి గుండెకాయ. రోమ్ నగరం, యుద్ధానంతర పేదరికం ఇంకా తీరలేదు, అభివృద్ధి పక్క వీధి దాకా వచ్చి ఆగినట్టుంటుంది. తాకట్టు సంస్థ ఇనప్పెట్టెకు చేరాలంటే పక్కనున్న ఖాళీ ఇంటి గోడకు కన్నం వెయ్యాలి. ఈ రహస్యం జైల్లో ఒక దొంగ దగ్గర ఉంటుంది. బాక్సర్ పెప్పే (విట్టోరియో గస్మాన్) తనకూ పెద్ద శిక్ష పడిందని బొంకి, జాలి పుట్టించి దాన్ని రాబడతాడు. అంతవరకు గంభీర పాత్రలకే పేరుపడిన గస్మాన్‌లోని హాస్యనటుణ్ణి ఈ చిత్రమే బయటపెట్టింది. ఫొటోగ్రాఫర్ తిబేరియో (మార్చెల్లో మస్త్రోయాన్ని) భార్య జైల్లో ఉంటుంది, పసిబిడ్డను అతనే ఎత్తుకుని తిరుగుతాడు. చెల్లెల్ని ఇంట్లో పెట్టి తాళం వేసే సిసిలీ మనిషి ఒకడు, ఎప్పుడూ ఏదో నములుతూ ఉండే బక్క ముసలివాడు కాపన్నెల్లె ఇంకొకడు. ఇనప్పెట్టె విద్య నేర్పేది టోటో. ఇటలీ ప్రజలు ఆరాధించిన ఈ హాస్యనటుడు మేడమీద ఆరేసిన బట్టల మధ్య ఉపాధ్యాయుడిలా నిలబడి పాఠం చెబుతాడు, తను మాత్రం రానంటాడు.

వీళ్లు చేసేదంతా ఉద్యోగంలాగే ఉంటుంది. సమావేశాలు, శిక్షణ, పరికరాలు, ఖర్చుల లెక్కలు, గైర్హాజరుకు సంజాయిషీలు. ఆ రాత్రి ఎంతో శ్రమపడి గోడ పగలగొడితే అవతల అదే ఇంటి వంటగది కనబడుతుంది. వేరే గోడ కొట్టారు. తెల్లవారబోతోంది, పొయ్యి మీద శనగలు వేసి వండిన పాస్తా ఉంది. అందరూ కూర్చుని తింటారు. ఓడిపోయినవాళ్లు ఒకే గిన్నె చుట్టూ చేరి రుచి గురించి మాట్లాడుకునే ఆ ఘట్టానికి సమానమైనది ప్రపంచ హాస్య చిత్రాల్లో బహు కొద్ది. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో వీధి మలుపులో విడిపోతారు. పోలీసుల కంటబడకుండా పెప్పే, కాపన్నెల్లె పనికోసం నిలబడ్డ కూలీల గుంపులో దూరతారు. గుంపు పెప్పేను గేటు లోపలికి నెట్టుకుపోతుంది. లోపల నీ చేత పని చేయిస్తారంటూ బయట ముసలివాడు గగ్గోలు పెడతాడు. పెప్పేకు దొరికినదల్లా, అతనికి తెలియకుండానే, ఒక పని. ఈ చిత్రాన్ని లూయీ మాల్ ‘క్రాకర్స్’ (1984)గా, రూసో సోదరులు ‘వెల్‌కమ్ టు కాలిన్‌వుడ్’ (2002)గా మళ్లీ తీశారు. ఆలన్ టేలర్ ‘పలూకావిల్’ (1995)లో నిరుద్యోగులైన ముగ్గురు మిత్రులు నగల దుకాణం అనుకుని మిఠాయి కొట్టు గోడ పగలగొడతారు. ఆ కథకు ఇటలీ రచయిత ఇతాలో కాల్వినో కథలు ప్రేరణ.

డెన్మార్కులో ఇదే కథ వార్షికోత్సవమంత క్రమం తప్పకుండా వచ్చింది. ఎరిక్ బాలింగ్ 1968లో మొదలుపెట్టిన ‘ఓల్సెన్ ముఠా’ చిత్రాలు 1998 నాటికి పద్నాలుగయ్యాయి. బౌలర్ టోపీ, చుట్ట పెట్టుకున్న ఈగన్ ఓల్సెన్ జైలు నుంచి బయటికి రాగానే బెన్నీ, కెల్డ్ ఎదురుచూస్తూ ఉంటారు, అతని దగ్గర పథకం సిద్ధంగా ఉంటుంది. చివరికి మళ్లీ జైలే. నార్వే, స్వీడన్ తమ సొంత ముఠాలను తయారుచేసుకున్నాయి, తూర్పు జర్మనీ ప్రేక్షకులూ వీటిని నెత్తిన పెట్టుకున్నారు. పెద్దవాళ్లెవరూ పట్టించుకోని ముగ్గురు చిన్న మనుషులు బ్యాంకులనూ, సంస్థలనూ క్షణకాలమైనా గడగడలాడించడం అక్కడివారికి నచ్చిందని అర్థమవుతుంది.

అమెరికాలో నియమావళి పోయిన మరుసటి ఏడాదే రెండు భిన్న చిత్రాలు వచ్చాయి. వుడీ ఆలెన్ ‘టేక్ ద మనీ అండ్ రన్’ (1969)లో దొంగ ఇచ్చిన చీటీలో తుపాకీ అన్న మాట అర్థంకాక బ్యాంకు సిబ్బంది అతని చేతిరాత మీద చర్చ పెడతారు. జార్జ్ రాయ్ హిల్ ‘బుచ్ క్యాసిడీ అండ్ ద సన్‌డాన్స్ కిడ్’ (1969) పూర్తి హాస్యం కాకపోయినా స్నేహాన్ని చూపడంలో తర్వాతివారందరికీ ఒజ్జబంతి. పాల్ న్యూమన్, రాబర్ట్ రెడ్‌ఫర్డ్ బొలీవియా పారిపోయి, స్పానిష్ రాక, కాగితం మీద రాసుకున్న మాటలు చదువుతూ బ్యాంకు దోచే ఘట్టం ఈ చిత్రంలోనిదే. నిజాయితీగా బతుకుదామని జీతాల డబ్బుకు కాపలా ఉద్యోగంలో చేరితే మొదటి ప్రయాణంలోనే వాళ్ల యజమాని దొంగల చేతిలో పోతాడు. పని దొరికినా అది కాలం చెల్లిన మనుషులను నిలబెట్టలేదన్న విషాదం నవ్వు వెనక వినిపిస్తుంది. సిడ్నీ లూమెట్ ‘డాగ్ డే ఆఫ్టర్‌నూన్’ (1975) 1972లో బ్రూక్లిన్ బ్యాంకులో జరిగిన నిజ సంఘటన మీద ఆధారపడింది. ముగ్గురు దొంగల్లో ఒకడు మొదట్లోనే భయపడి ఇంటికి వెళ్లిపోతాడు. అక్కడ పుట్టిన నవ్వు సాయంత్రానికి గొంతులో అడ్డుపడుతుంది.

వృద్ధాప్యాన్ని తీసుకున్న ‘గోయింగ్ ఇన్ స్టైల్’ను రెండు కాలాల్లో పక్కపక్కన చూస్తే ఈ ప్రక్రియ ఎలా మారిందో తెలుస్తుంది. మార్టిన్ బ్రెస్ట్ 1979 చిత్రంలో జార్జ్ బర్న్స్, ఆర్ట్ కార్నీ, లీ స్ట్రాస్‌బర్గ్ న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఒకే ఇంట్లో ఉంటారు. రోజూ పార్కు బల్ల మీద కూర్చుంటారు. ఆకలి లేదు, పగ లేదు, చెయ్యడానికి ఏమీ లేదు, అంతే. గ్రౌచో మార్క్స్ మీసాలూ కళ్లద్దాలూ పెట్టుకుని బ్యాంకు దోస్తారు. ఆ కొద్ది రోజులూ వాళ్ల ముఖాల్లో వెలుగు చూడాలి. ఇద్దరు మిత్రులు మరణిస్తారు, మూడోవాడు జైలుకు వెళతాడు, అక్కడి రోజులు పార్కు బల్ల మీది రోజులకన్నా ఘోరం కావని అతని తీరు చెబుతుంది. జాక్ బ్రాఫ్ 2017లో మళ్లీ తీసినప్పుడు మోర్గన్ ఫ్రీమన్, మైకేల్ కేన్, ఆలన్ ఆర్కిన్‌లకు గట్టి కారణాలు సమకూర్చారు: కంపెనీ పింఛను రద్దయింది, బ్యాంకు ఇల్లు లాక్కోబోతోంది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాతి అమెరికాకు ఆ కోపం సహజం. కానీ కొత్త చిత్రంలో దొంగలు న్యాయం పక్షాన ఉన్నారు కాబట్టి గెలిచి తీరాలి. పాత చిత్రం అంత సులువుగా ఊరట ఇవ్వదు, అందుకే అదే మేలైనది. పనిలేని ముసలితనాన్ని అంత నిజంగా చూపిన హాస్య చిత్రం మరొకటి లేదు.

యువకుల విషయంలో ఆ స్థానం వెస్ ఆండర్సన్ తొలి చిత్రం ‘బాటిల్ రాకెట్’ (1996)ది. 1992లో తీసిన లఘుచిత్రాన్ని విస్తరించి ఆండర్సన్, ఓవెన్ విల్సన్ కలిసి రాశారు. కథ టెక్సస్‌లో, డాలస్ పరిసరాల్లో జరుగుతుంది. డిగ్నన్ (ఓవెన్ విల్సన్) దగ్గర నోటు పుస్తకంలో 75 ఏళ్ల జీవిత పథకం రాసి ఉంటుంది. ఆంథొనీ (ల్యూక్ విల్సన్) తన ఇష్టంతోనే చేరిన మానసిక చికిత్సాలయం నుంచి, కేవలం డిగ్నన్ సంతోషం కోసం, దుప్పట్లు ముడేసి కిటికీ నుంచి దిగుతాడు. తలుపు తెరిచే ఉందన్న సంగతి మిత్రుడికి తెలియనివ్వడు. మొదటి సాధన దొంగతనం ఆంథొనీ సొంత ఇంట్లో. రెండోది పుస్తకాల దుకాణంలో. చివరిది శీతల గిడ్డంగిలో, అందరూ పసుపుపచ్చ దుస్తులేసుకుని. ఇక్కడ దోచేది బ్యాంకు కాకపోయినా బ్యాంకు దోపిడీ చిత్రాల లాంఛనాలన్నీ పూర్తి భక్తితో పాటిస్తారు. డిగ్నన్‌ను ముఠా నాయకుడు మిస్టర్ హెన్రీ (జేమ్స్ కాన్) పచ్చికబయళ్లు కత్తిరించే తన కంపెనీలో చేర్చుకున్నప్పుడు అతను పొందిన గర్వం ఉద్యోగంలో చేరిన కొడుకుదే.

ఈ చిత్రంలో ఇనప్పెట్టె నిపుణుడు కుమార్. ఆ పాత్రధారి కుమార్ పల్లానా 1918లో ఇందౌర్‌లో పుట్టి, పళ్లాలు తిప్పే గారడీ విద్యతో అమెరికా వేదికల మీద బతికిన కళాకారుడు. డాలస్‌లో ఆయన కొడుకు నడిపిన కాఫీ హోటలుకు ఆండర్సన్, విల్సన్ సోదరులు వస్తూపోతూ ఉండేవారు. పరిచయం అక్కడ మొదలైంది. గిడ్డంగిలో కుమార్ ఇనప్పెట్టె ముందు కూర్చుంటాడు, తెరవలేడు, తన చేతివాటం పోయిందని ఎంతో మామూలుగా చెబుతాడు. ఈలోగా ఒక సభ్యుడికి గుండెనొప్పి వస్తుంది. అతని కోసం వెనక్కి వెళ్లిన డిగ్నన్ పట్టుబడతాడు. అదే సమయంలో మిస్టర్ హెన్రీ మూడో మిత్రుడు బాబ్ ఇల్లంతా ఊడ్చుకుపోతాడు. అసలైన దొంగ ఎవరో, పేరుకు మాత్రమే దొంగలెవరో ఆ రెండు దృశ్యాలే తేల్చేస్తాయి. చిత్రం విడుదలైనప్పుడు ఆడలేదు. ఆండర్సన్ ఆ తర్వాత తీసిన అలంకారభరిత చిత్రాల్లో లేని ఒక పచ్చితనం, ఒక ఆప్యాయత ఇందులో ఉన్నాయి.

ఈ కథల్లో స్త్రీలు చాలాకాలం అంచుల్లోనే ఉన్నారు. బిల్ మరే, హోవర్డ్ ఫ్రాంక్లిన్ కలిసి తీసిన ‘క్విక్ చేంజ్’ (1990)లో దోపిడీ తేలిగ్గా ముగుస్తుంది. ఊరు దాటి విమానాశ్రయం చేరడమే అసాధ్యమవుతుంది. అందులో జీనా డేవిస్ ముఠాలో సమాన భాగస్వామి. ఎఫ్. గ్యారీ గ్రే ‘సెట్ ఇట్ ఆఫ్’ (1996)లో లాస్ ఏంజెలెస్‌కు చెందిన నలుగురు నల్లజాతి మిత్రురాళ్లు బ్యాంకులు దోస్తారు. అది హాస్యం కాదు, అక్కడ ఓటమికి చెల్లించే మూల్యం ప్రాణాలు. మగవాళ్ల ఓటమికి నవ్విన సినిమా ఆడవాళ్ల ఓటమికి ఆ వెసులుబాటు ఇవ్వలేదన్నది గమనించవలసిన విషయం. కాలీ ఖౌరీ ‘మ్యాడ్ మనీ’ (2008) ఆ లోటు కొంత తీర్చింది. పాత నోట్లను ముక్కలు చేసే ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో చిన్న ఉద్యోగాలు చేసే ముగ్గురు స్త్రీలు, ఎవరి కంటికీ ఆనకపోవడమే తమ బలమని తెలుసుకుని నోట్లు బయటికి తెస్తారు.

తెలుగులో మిత్రబృందాల నేరహాస్యం బలంగా ఉంది, బ్యాంకు దోపిడీ మాత్రం తక్కువ. రామ్‌గోపాల్ వర్మ ‘క్షణక్షణం’ (1991) బ్యాంకు దోపిడీతో మొదలవుతుంది, కానీ కథ దోచినవాళ్లది కాదు. ఆ సొమ్ము జాడ చేతికొచ్చిన సత్య (శ్రీదేవి)ది, చిల్లర దొంగ చందు (వెంకటేశ్)ది. వర్మ నిర్మాణంలో శివనాగేశ్వరరావు తీసిన ‘మనీ’ (1993)లో ఉద్యోగాల్లేని ఇద్దరు మిత్రులు, జె.డి. చక్రవర్తి, చిన్నా, ఎంచుకున్నది కిడ్నాప్. ‘బ్రోచేవారెవరురా’ (2019)లో మిత్రబృందం ఆడిన నాటకమూ కిడ్నాపే. దీనికి సామాజిక కారణం కనిపిస్తుంది. అమెరికా సినిమాలో బ్యాంకు ఇల్లూ పొలమూ జప్తు చేసే శత్రువు. తెలుగు కథల్లో, సినిమాల్లో ఆ స్థానం వడ్డీ వ్యాపారిది. 1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ తర్వాత బ్యాంకు ఆ వ్యాపారి నుంచి గట్టెక్కించే ప్రభుత్వ సంస్థగా, పైగా ఇంటి ఆడవాళ్ల నగలు కుదువ ఉన్న చోటుగా మనసుల్లో నిలిచింది. కేరళలోని చేలెంబ్రలో 2007 డిసెంబరులో దొంగలు బ్యాంకు కిందనున్న హోటల్ అద్దెకు తీసుకుని, పైకప్పుకు కన్నం వేసి దాదాపు 80 కిలోల బంగారం ఎత్తుకుపోయినప్పుడు పోయినవి చాలావరకు మామూలు జనం కుదువపెట్టిన నగలే. అలాంటి చోట దోపిడీని నవ్వుతూ చూడడం కష్టం. కిడ్నాప్‌లో డబ్బున్నవాడి జేబుకు చిల్లు పడితే ఆ చిక్కు లేదు.

తెలుగు చిత్రాలు ఈ సంప్రదాయానికి చేర్చిన సొంత విషయం హైదరాబాదు అద్దె గది. ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన కుర్రాళ్లు కలిసి వండుకునే, అప్పులు పంచుకునే ఆ గది రోమ్ మిత్రుల వీధికి సాటి. అనుదీప్ ‘జాతిరత్నాలు’ (2021)లో జోగిపేట నుంచి వచ్చిన ముగ్గురి సోపతి, వాళ్లకు ఏమీ రాకపోవడం మీదే నిలబడింది. రితేశ్ రాణా ‘మత్తు వదలరా’ (2019) ఇంకాస్త ముందుకు వెళ్లింది. ఇక్కడి మిత్రులకు పని ఉంది. పొద్దస్తమానం సామాన్లు అందించే డెలివరీ ఉద్యోగం. జీతం చూస్తే చాలదు. కస్టమర్ ఇచ్చిన నోట్లలో ఒక 500 రూపాయల నోటు నొక్కేసి లెక్క తగ్గిందని చెప్పమని మిత్రుడు యేసు సలహా ఇస్తాడు. నిరుద్యోగం స్థానంలో చాలీచాలని ఉద్యోగం వచ్చి చేరిన కాలానికి ఇంతకన్నా సరైన దోపిడీ లేదు.

డబ్బు కాగితం రూపంలో తగ్గిపోతున్నకొద్దీ ఖజానా దోపిడీ వర్తమానం నుంచి గతంలోకి జరుగుతోంది. జారెడ్ హెస్ ‘మాస్టర్‌మైండ్స్’ (2016) 1997లో నార్త్ కరొలైనాలో జరిగిన లూమిస్ ఫార్గో నగదు దొంగతనం దగ్గరికి వెళ్లింది. వెంకీ అట్లూరి ‘లక్కీ భాస్కర్’ (2024) 1980ల చివర, 1990ల మొదట్లోని బొంబాయికి వెళ్లి, దొంగను బయటినుంచి తేకుండా బ్యాంకు కౌంటరు వెనకే కూర్చోబెట్టింది. అక్కడ హాస్యం మిత్రుడి పాత్రకే పరిమితం. వర్తమానంలో ఉండదలచిన రచయితలు నోటు ఇంకా చేతులు మారే చోట్లను వెతుకుతున్నారు. అదే 2024లో వచ్చిన ‘మత్తు వదలరా 2’లో డెలివరీ పని పోగొట్టుకున్న ఆ మిత్రులే కిడ్నాప్ అయినవాళ్లను విడిపించే సంస్థలో ఉద్యోగులుగా చేరి, విడుదల సొమ్ములోంచి కొంత కొంత పక్కకు తీయడం మొదలుపెడతారు.